జీడిమామిడి రసానికి అల్ట్రాసౌండ్: పర్లాకిమిడి దగ్గర ఒక చిన్న యూనిట్‌లో ఏడు వారాలు

మార్చి రెండో వారంలో ఫోన్ వచ్చింది. పర్లాకిమిడి పక్కన ఒక పల్లెలో పదకొండు మంది ఆడవాళ్లు కలిసి నడుపుతున్న పళ్లరసం యూనిట్ అది. సంఘానికి పెద్దగా ఉన్న ఆవిడని నేను అక్క అంటాను. ఆవిడ సంగతి ఒక్క ముక్కలో చెప్పేసింది.

"అమ్మా, సీసాలో రసం రెండు ముక్కలైపోతంది. కింద ముద్ద, పైన నీళ్లు. షాపులోళ్లు ఎనక్కి పంపేస్తన్నారు. ఏదో సౌండ్ మిషన్ పెడితే బాగుపడతాదట. కొనమంటావా?"

కొనొద్దు, ముందు అద్దెకు తెప్పించండి, నేను వస్తున్నాను అన్నాను. చిన్న యూనిట్లకు తయారీ పద్ధతి కుదిర్చి పెట్టడమే నా వృత్తి. ఏడు వారాలు అక్కడికి వచ్చిపోతూ ఉన్నాను. ఆ రోజుల్లో ఏం చేశామో, ఎక్కడ తప్పామో, చివరికి ఏది నిలబడిందో రాస్తున్నాను. రేపు మీ యూనిట్‌కి కూడా ఇలాంటి మిషన్ అమ్మడానికి మనిషి వస్తే చెక్కు రాసేముందు ఇది ఒకసారి చదవండి.

పండు సంగతి

పర్లాకిమిడి ఉన్న ఒడిశా గజపతి జిల్లా 1992లో గంజాం నుంచి విడిపోయి ఏర్పడింది. మహేంద్రగిరి చుట్టూ కొండవాలుల్లో జీడిమామిడి తోటలున్నాయి. సరిహద్దు దాటితే పలాస. జీడిపిక్క 80 కిలోల బస్తాల లెక్కన పలాస బట్టీలకు వెళ్లిపోతుంది. పండు మాత్రం చెట్టు కిందే ఉండిపోతుంది. బరువులో పండు పిక్కకు ఎన్నో రెట్లు ఉంటుంది, అయినా దాన్ని తిప్పి పిక్క లాగేసి పక్కన పడేస్తారు. కొంత మేకలు తింటాయి, మిగతాది ఈగల పాలు. పొద్దున రాలిన పండు సాయంత్రానికే పులుపు వాసన కొడుతుంది. మర్నాటికి చేత్తో పట్టుకోలేం. గోవాలో ఆ పులిసే గుణాన్నే వాడుకుని ఫెనీ అనే సారా చేస్తారు, దానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇటువైపు అలాంటి ఆధారం ఏదీ లేదు. నారింజ కంటే నాలుగైదు రెట్లు సి విటమిన్ ఉన్న పండు ఏటా నేలపాలవుతోంది. దీని గురించి ఎప్పుడు ఆలోచించినా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ పనికి ఒప్పుకోవడానికి అసలు కారణం కూడా అదే.

పండుతో చిక్కు దాని వగరు. వగరునిచ్చే టానిన్లు అనే పదార్థాలు నాలుకను పట్టేస్తాయి, గొంతులో గీరుతాయి. దానికి విరుగుడు కొత్తదేమీ కాదు. సగ్గుబియ్యాన్ని పొడి చేసి, జావలా ఉడికించి, చల్లారాక రసంలో కలిపి కదపకుండా ఉంచితే టానిన్లు దాన్ని పట్టుకుని అడుగుకు దిగుతాయి. గంజితో కూడా చేస్తారు. పైన తేరిన రసాన్ని వంచుకుంటే వగరు చాలావరకు పోయి ఉంటుంది. ఈ సంఘం వాళ్లకు ఆ పని బాగానే వచ్చు. అలా తేరిన రసం పలుచగా, రంగు లేకుండా ఉంటుంది కాబట్టి అందులో మామిడి గుజ్జు కలిపి పానీయంగా అమ్ముతున్నారు. మామిడి, జీడిమామిడి ఒకే కాలంలో వస్తాయి, ఇటు తోటల్లో రెండూ దొరుకుతాయి. ఆలోచన మంచిదే. కానీ మామిడి గుజ్జు రేణువులు బరువైనవి, వాటిని పట్టి ఉంచడానికి పలుచటి రసానికి బలం చాలదు. మూడు రోజుల్లో సీసా రెండు పొరలవుతోంది. షాపువాళ్లు పాడైందనుకుంటున్నారు. నిజానికి పాడవలేదు, విడిపోయింది. అయినా కొనేవాడికి ఆ రెండూ ఒకటే.

మిషన్ చేసేదేమిటి, చేయనిదేమిటి

అద్దెకు తెచ్చిన అల్ట్రాసౌండ్ మిషన్ 20 కిలోహెర్ట్జ్‌ది, పేరుపలక మీద 1000 వాట్లు. టైటానియం మిశ్రమంతో చేసిన కడ్డీ ఒకటి రసంలోకి దిగుతుంది. దాని కొన సెకనుకు ఇరవై వేల సార్లు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. వెనక్కి వెళ్లినప్పుడు ద్రవంలో కంటికి కనపడని బుడగలు పుడతాయి, ముందుకు వచ్చినప్పుడు అవి చితికిపోతాయి. ఒక్కో బుడగ చితికే చోట, క్షణంలో చాలా చిన్న భాగంపాటు, వేల డిగ్రీల వేడి, వందల రెట్ల వాతావరణ పీడనం పుడతాయి. చుట్టూ ఉన్న గుజ్జు రేణువును ఆ దెబ్బ చీల్చేస్తుంది. పెద్ద రేణువు పది చిన్న రేణువులవుతుంది. చిన్న రేణువు అడుగుకు దిగడానికి చాలా కాలం పడుతుంది. మాకు కావలసింది అంతవరకే.

దాన్ని తెచ్చిన మనిషి మాత్రం ఇంకా పెద్ద మాట చెప్పాడు. "వేడి అక్కర్లేదు మేడమ్. చల్లగానే సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయి. విటమిన్ అలాగే ఉంటుంది. బాయిలర్ తీసేయొచ్చు." సంఘంలో అందరికీ ఆ మాట నచ్చింది. ఏప్రిల్ ఎండలో బాయిలర్ పక్కన నిలబడాల్సింది వాళ్లే కదా, నచ్చకుండా ఎలా ఉంటుంది? నేను వాదించలేదు. సీసాలో చూద్దాం అన్నాను.

మొదటి ప్రయత్నం: ఉబ్బిన సీసాలు

పది లీటర్ల స్టీలు డేకిసాలో పానీయం పోసి, కడ్డీ దించి, మామూలు గది వేడిలో పది నిమిషాలు నడిపాం. సగం ప్లాస్టిక్ (పెట్) సీసాల్లో ఈ రసం, మిగతా సగంలో సౌండ్ పెట్టని రసం నింపి ఒకే అరలో బయట ఉంచాం. మూడో రోజు సౌండ్ పెట్టని సీసాలు ఉబ్బాయి. నాలుగో రోజు సౌండ్ పెట్టినవీ ఉబ్బాయి. ఒక్క రోజు తేడా, అంతే. అడుగున ముద్ద రెండింట్లోనూ దిగింది.

ఇక్కడ ఆగి లెక్క వేశాను. అల్ట్రాసౌండ్ మీద వచ్చే ప్రయోగాలు ఎక్కువగా చిన్న బీకర్లలో చేసినవి. 100 మిల్లీలీటర్ల రసంలోకి 50 వాట్లు నిజంగా దిగితే లీటరుకు 500 వాట్లు అన్నమాట. పది నిమిషాలకు లీటరుకు 300 కిలోజౌళ్ల శక్తి. మరి మా డేకిసాలో ఎంత దిగింది? పేరుపలక మీది 1000ని పదితో భాగిస్తే సరిపోదు, ఎందుకంటే గోడలోంచి లాగిన కరెంటంతా రసంలోకి వెళ్లదు. దాన్ని కొలవడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు, ఒక థర్మామీటరు, ఒక గడియారం చాలు. ఒక లీటరు నీళ్లు తీసుకుని మిషన్ 60 సెకన్లు నడిపాం. వేడి 6 డిగ్రీలు పెరిగింది. ఒక కిలో నీళ్లను ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 4180 జౌళ్లు కావాలి. 4180ని ఆరుతో గుణించి 60తో భాగిస్తే 418 వాట్లు. పేరు వెయ్యి, పని నాలుగు వందలు. ఆ 418 వాట్లు పది లీటర్లకు పంచితే లీటరుకు 42. పది నిమిషాలకు లీటరుకు 25 కిలోజౌళ్లు, అంటే బీకరులో పడినదాంట్లో పన్నెండో వంతు.

ఈ కొలత మిషన్ అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. నా అనుభవంలో అల్ట్రాసౌండ్ పనిచేయలేదని వినిపించే చాలా ఫిర్యాదుల మూలం ఇక్కడే ఉంటుంది. ఎన్ని వాట్లు, ఎన్ని నిమిషాలు అని మాత్రమే మాట్లాడితే మనకు ఏమీ తెలియదు. లీటరుకు ఎన్ని వాట్లు, ఎంతసేపు, ఎంత వేడిలో అన్న మూడూ కలిపి చెప్పినప్పుడే ఒక యూనిట్ చేసినదాన్ని ఇంకో యూనిట్ తిరిగి చేయగలదు.

సూక్ష్మజీవుల సంగతి మాత్రం ఈ లెక్కతో తీరిపోయేది కాదు. పన్నెండు రెట్లు నడిపినా, చల్లగా ఉన్న రసంలో అల్ట్రాసౌండ్ ఒక్కటే నమ్మదగినంతగా వాటిని చంపదు. ఈస్టు కణాలు కొంత లొంగుతాయి, కొన్ని బాక్టీరియాలు లొంగవు. వేడిని జోడిస్తేనో, ఒత్తిడిని జోడిస్తేనో సంగతి మారుతుంది. రసం సురక్షితం అనడానికి అమెరికా 2001లో పెట్టిన నియమం ప్రకారం రోగకారక క్రిమి లక్షకు ఒకటి మిగిలేంతగా తగ్గాలి. ఆ నియమం ఊరికే రాలేదు. 1996లో అక్కడ వేడి చేయని ఆపిల్ రసం తాగి చాలామంది పిల్లలు జబ్బుపడ్డారు, ఒక పసిబిడ్డ చనిపోయింది. నేలరాలిన పళ్లకు పశువుల పేడ తగిలి ఉండొచ్చన్నది అప్పటి అనుమానాల్లో ఒకటి. మన జీడిమామిడి పండు కూడా నేలరాలిన పండే. తోటలో మేకలూ ఆవులూ తిరుగుతూనే ఉంటాయి.

ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. బాయిలర్ తీసేది లేదని కూడా చెప్పేశాను. సంఘంలో పెద్దావిడ, అందరూ పిన్ని అనే ఆవిడ, కాసేపు ఊరుకుని అంది: "మా మనవలు కూడా ఇదే తాగుతారు గదమ్మా. ఎండే గదా, పడతాం." ఆ తర్వాత బాయిలర్ గురించి ఇంకెవరూ ఎత్తలేదు.

నలుపు ఎక్కడిది?

రెండో వారంలో కొత్త టెన్షన్ మొదలైంది. రసం నల్లబడుతోంది. సౌండ్ పెట్టిన రసంలో బూడిద నీలం కలిసిన నలుపు కనిపించింది. మిషన్ వల్లే అని అందరం అనుకున్నాం. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. బుడగలు చితికినప్పుడు నీటి అణువులు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే, దేనితోనైనా ఇట్టే చర్య జరిపే ముక్కలు పుడతాయి, వాటివల్ల రంగు చెడే అవకాశం ఉంది. కానీ ఆ చెడే రంగు గోధుమ వైపు వెళ్లాలి. ఇది సిరా రంగు.

సిరా అన్న మాట నోట్లోంచి వచ్చాక గాని తట్టలేదు. కరక్కాయ కషాయంలో ఇనుము వేసి సిరా చేసేవారు మన పెద్దలు. టానిన్, ఇనుము కలిస్తే నలుపు. రసం తీసే స్క్రూ ప్రెస్ దగ్గరికి వెళ్లి చూస్తే ఆ వారమే అందులో ఒక పలక మార్చారు. అరిగిన స్టీలు పలక స్థానంలో ఊళ్లో వెల్డింగ్ షాపులో మామూలు ఇనప రేకు బిగించారు. ఆ రేకు మీద తాజా రసం ఒక చుక్క వేసి కూర్చున్నాం. కొద్దిసేపటికే చుట్టూ నల్లటి వలయం కట్టింది. స్టీలు పలక మళ్లీ వేయించాం, నలుపు పోయింది.

ఇంత చిన్న సంగతిని విడిగా రాయడానికి కారణం ఉంది. కొత్త మిషన్ వచ్చిన చోట ప్రతి తప్పూ దాని నెత్తిన పడుతుంది, ప్రతి మంచీ దాని ఖాతాలోనే పడుతుంది. అందుకే ప్రతి బ్యాచ్‌లోనూ సౌండ్ పెట్టని సీసా ఒకటి పక్కన ఉండి తీరాలి. ఆ వారం నేనే ఆ సీసా తీసి పెట్టలేదు. పెట్టి ఉంటే అదీ నల్లబడేది, మూడు రోజులు మిగిలేవి.

వరస తప్పితే

తరువాతి తప్పు పూర్తిగా నాది. అల్ట్రాసౌండ్ పెడితే రసంలో ఉన్నవన్నీ బాగా కలుస్తాయి కదా, సగ్గుబియ్యం జావ వేసేముందే సౌండ్ పెడితే టానిన్లు ఇంకా బాగా పట్టుకుంటాయేమో అనుకున్నాను. పచ్చి రసానికి సౌండ్ పెట్టి, తర్వాత జావ కలిపి రాత్రంతా ఉంచాం. పొద్దున చూస్తే తేరుకోలేదు. డబ్బా అంతా పాలలా మబ్బుగా ఉంది. రుచి చూస్తే వగరు మామూలు కంటే ఎక్కువే ఉంది.

కారణం ఆలోచిస్తే తేలికే. పచ్చి రసంలో తేలే పీచు, తొక్క తునకల లోపల కూడా టానిన్లుంటాయి. మొక్కల నుంచి ఇలాంటి పదార్థాలను బయటికి లాగడానికి పరిశ్రమల్లో అల్ట్రాసౌండ్ వాడతారు. నేను తెలియకుండా అదే పని చేశాను, పీచులో ఉన్న వగరును కూడా రసంలోకి పిండేశాను. పైగా రేణువులను పొడి చేసేశాను కాబట్టి జావ పట్టుకున్నా అడుగుకు దిగే బరువు వాటికి లేదు. ఆ రోజు నలభై లీటర్లు పారబోయాల్సి వచ్చింది. పొద్దున నాలుగింటికి లేచి తోటలు తిరిగి ఏరిన పళ్లవి. క్షమించమని అడిగాను. అక్క ఏమీ అనలేదు గానీ, ఆ రోజు మధ్యాహ్నం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

అప్పటి నుంచి వరస ఇలా స్థిరపడింది. ఏరిన పండు కడగడం, స్టీలు ప్రెస్సులో రసం తీయడం, గుడ్డలో వడగట్టడం, జావ వేసి తేర్చడం, పైరసం వంచుకోవడం, ఆ తర్వాతే మామిడి గుజ్జు, దాని తర్వాతే సౌండ్.

దిగిపోయేదానికే సౌండ్

ఇప్పుడు అసలు చిక్కు. రోజుకు రెండు వందల కిలోల పండు వస్తోంది, సుమారు నూట ఇరవై లీటర్ల రసం. చేతిలో ఉన్నది 418 వాట్లు. మొత్తం పానీయానికి బీకరులో పడినంత సౌండ్ పెట్టాలంటే రాత్రీ పగలూ నడిపినా కష్టమే.

ఒక రాత్రి లాడ్జిలో కూర్చుని కాగితం మీద లెక్కలు వేస్తుంటే ఒక సంగతి పట్టుబడింది. తేరిన జీడిమామిడి రసంలో దిగడానికి ఏముంది? దిగిపోయేది మామిడి గుజ్జు ఒక్కటే. పానీయంలో అది 15 శాతం. మరి మిగతా 85 శాతానికి సౌండ్ ఎందుకు?

మర్నాడు రెండున్నర లీటర్ల గుజ్జుకు అంతే జీడిమామిడి రసం కలిపి, చుట్టూ నీళ్లు తిరిగే ఐదు లీటర్ల స్టీలు పాత్రలో పోసి నడిపాం. గుజ్జు ఒక్కటే అయితే మరీ చిక్కగా ఉండి బుడగలు కడ్డీ చుట్టూనే ఆగిపోతాయి, దూరంగా ఉన్న గుజ్జు కదలదు. సగానికి సగం పలుచన చేస్తే బాగా తిరుగుతుంది. లీటరుకు సుమారు 84 వాట్లు. పది నిమిషాలకు లీటరుకు 50 కిలోజౌళ్లు. ఆ ఐదు లీటర్లను మిగతా రసంలో కలిపితే పదహారు లీటర్లకు పైగా పానీయం అవుతుంది. గంటకు మూడు సార్లు నింపగలిగాం. అంటే గంటకు యాభై లీటర్లు. రోజు పని మూడు గంటల్లోపే అయిపోతుంది. నాకు ఈ మొత్తం కేసులో అన్నిటికంటే ఆనందం కలిగించింది ఇదే.

వేడి విషయంలో ఒక జాగ్రత్త పాటించాం. 48 డిగ్రీల దగ్గర మొదలుపెడితే, సౌండ్ పుట్టించే వేడితోనే పది నిమిషాలకు 58 దాకా వెళ్లింది. 60 దాటనివ్వలేదు. ఎక్కువ వేడిలో బుడగల లోపల ఆవిరి నిండిపోతుంది. అప్పుడు అవి పరుపు మీద పడ్డట్టు మెత్తగా చితుకుతాయి, దెబ్బలో పస ఉండదు. మరీ చల్లగా ఉంటే గుజ్జు చిక్కదనం అడ్డొస్తుంది. 50కీ 60కీ మధ్య మాకు అనుకూలంగా ఉంది.

పది, ఇరవై ఐదు నిమిషాలు

ఎంతసేపు అన్నది కొలజాడీల్లో తేలింది. నూరు మిల్లీలీటర్ల కొలజాడీల్లో పోసి, నీడలో ఉంచి, పైన ఎన్ని మిల్లీలీటర్లు నీళ్లలా తేరుతోందో రోజూ గీత గీసుకున్నాం. సౌండ్ పెట్టనిది మూడో రోజుకే పైన 30 మిల్లీలీటర్లు తేరింది. పది నిమిషాలు పెట్టింది పదో రోజుకు 5 దగ్గర ఆగింది. ఇరవై ఐదు నిమిషాలు పెట్టింది కూడా 5 దగ్గరే ఆగింది. అదనపు పావుగంటతో ఒరిగిందేమీ లేదు. పోగొట్టుకున్నది మాత్రం ఉంది. పానీయం నాలుక మీద నీళ్లలా జారిపోతోంది. గుజ్జుకు చిక్కదనాన్నిచ్చే పెక్టిన్ గొలుసులను ఎక్కువసేపు కొడితే తెగి పొట్టివవుతాయి. రేణువులు చిన్నవైనా, వాటిని పట్టి ఉంచే చిక్కదనం తగ్గింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టు.

రుచికి మూడు గ్లాసుల పరీక్ష పెట్టాం. మూడింట్లో రెండు ఒకటే, ఒకటి వేరు. వేరేది ఏదో చెప్పాలి. పన్నెండు మంది రుచి చూస్తే, కనీసం ఎనిమిది మంది సరిగ్గా చెబితేనే తేడా నిజంగా ఉందని లెక్క. ఊరికే ఊహించినా ముగ్గురిలో ఒకరు సరిగ్గా చెబుతారు కాబట్టి ఆ గీత అంత పైన ఉంటుంది. చిక్కదనం తెలిసిపోకుండా స్ట్రాతో, కొద్ది కొద్దిగా తాగించాం. పది నిమిషాల రసాన్ని పన్నెండు మందిలో ఐదుగురే పట్టారు. ఇరవై ఐదు నిమిషాల రసాన్ని పది మంది పట్టారు. ఏం తేడా అంటే ఒకావిడ "చిల్లర డబ్బు నోట్లో పెట్టుకున్నట్టుంది" అంది. ఎక్కువసేపు సౌండ్ పెట్టిన రసంలో వచ్చే లోహపు వాసనను అంతకంటే బాగా నేను చెప్పలేను. పది నిమిషాల దగ్గర ఆపేశాం.

చివరి వేడి, సి విటమిన్

సౌండ్ తర్వాత గుజ్జును మొత్తం రసంలో కలిపి, నిమ్మరసంతో పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) 3.8కి తెచ్చాం. జీడిమామిడి రసం పీహెచ్ ఒక్కో తోటది ఒక్కో రకంగా, 4 దాటి కూడా ఉంటుంది. దాన్ని అలా వదిలేయకూడదు. తర్వాత 85 డిగ్రీలకు వేడి చేసి, ముందే గోరువెచ్చగా ఉంచిన గాజు సీసాల్లో ఆ వేడి మీదే నింపి, మూత బిగించి, రెండు నిమిషాలు పక్కకు పడుకోబెట్టి, ఆ తర్వాత మెల్లగా చల్లార్చాం. పడుకోబెట్టడం మూత లోపలి వైపుకు కూడా వేడి తగలడానికి. ఈ పద్ధతిలో నింపి పక్కన పెట్టిన సీసాల్లో సీజన్ అయ్యేదాకా ఒక్కటీ పులియలేదు, మళ్లీ రెండు పొరలూ కాలేదు.

సి విటమిన్ గురించి నాకు చాలా ఆశ ఉండేది. అల్ట్రాసౌండ్ రసంలో కరిగి ఉన్న గాలిని బయటికి తోలేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే విటమిన్ నిలవాలి. ఇంకో పక్క, బుడగలు పుట్టించే రాడికల్స్ విటమిన్‌ను తినేస్తాయి. రెండింట్లో ఏది గెలుస్తుందో చూద్దామని పది రోజులకోసారి అయోడిన్ టైట్రేషన్ చేశాను, అంటే అయోడిన్ చుక్కలు వేస్తూ విటమిన్ ఎంతుందో కొలిచాను. సౌండ్ పెట్టినదానికీ పెట్టనిదానికీ మధ్య వచ్చిన తేడా నా కొలతలో ఉండే తప్పు కంటే ఎక్కువ లేదు. మెడ దాకా నింపిన సీసాకూ, రెండు వేళ్లు ఖాళీ వదిలిన సీసాకూ మాత్రం తేడా స్పష్టంగా కనపడింది. ఖాళీలో ఉన్న గాలే విటమిన్‌ను తినేస్తోంది. సీసా నిండా నింపడం నేర్చిన చెయ్యి ఇక్కడ మిషన్ కంటే ఎక్కువ మేలు చేసింది. అందుకే "అల్ట్రాసౌండ్‌తో విటమిన్లు భద్రం" అని లేబుల్ మీద వేద్దామన్నప్పుడు వద్దన్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆహారం కూర్పునూ నిర్మాణాన్నీ చెప్పుకోదగ్గంతగా మార్చే కొత్త టెక్నాలజీల మీద ఆహార భద్రతా సంస్థ నియమాలు 2017 నుంచి ఉన్నాయి. మన పద్ధతి వాటి కిందికి వస్తుందో రాదో అధికారిని రాతపూర్వకంగా అడిగి, జవాబు చేతికొచ్చాక అమ్మకం పెంచమన్నాను.

చెవులు, కడ్డీ కొన

20 కిలోహెర్ట్జ్ చెవికి వినపడదంటారు. మిషన్ పక్కన నిలబడితే సంగతి తెలుస్తుంది. బుడగలు చితికే చప్పుడు, సగం పౌనఃపున్యంలో వచ్చే కీచు, రెండూ వినపడతాయి. చెవిలో జోరీగ దూరినట్టే ఉంటుంది. రెండో రోజే ఇద్దరికి తలనొప్పి వచ్చింది. చిన్నమ్మాయి ఒకరు మర్నాడు పనికి రాలేదు. చెక్కపెట్టె చేయించి, లోపల ఫోమ్ అతికించి, మిషన్‌ను అందులో పెట్టాం. నడిపే మనిషికి చెవులకు మూసుకునే మఫ్‌లు కొన్నాం. ఇది ముందే చేయాల్సిన పని. మిషన్ తెచ్చిన మనిషి ఈ మాటే ఎత్తలేదు, నేను కూడా మొదటి రోజే పట్టుబట్టి ఉండాల్సింది.

కడ్డీ కొన కూడా అరుగుతుంది. చితికే బుడగలు గుజ్జునే కాదు, టైటానియాన్నీ కొడతాయి. కొత్తలో అద్దంలా మెరిసే కొన ఐదో వారానికి గరుకెక్కింది, చిన్న చిన్న గుంటలు పడ్డాయి. అరిగిన లోహం రసంలోకే వెళ్తుంది. దానికి రెండు జాగ్రత్తలు తీసుకున్నాం. సౌండ్ తర్వాత గుజ్జు సన్నటి స్టీలు జల్లెడ గుండా వెళ్లాలి. వారానికోసారి ఒక లీటరు నీళ్లు, 60 సెకన్లు, థర్మామీటరు పరీక్ష చేయాలి. పెరుగుదల 5 డిగ్రీల కంటే తగ్గితే కొన మార్చే సమయం వచ్చినట్టు. ఆ పరీక్ష ఇప్పుడు పిన్ని చేస్తుంది. చదువు రాదు, కానీ థర్మామీటరు మీద ఎర్ర దారం కట్టుకుంది. దారం దాటిందా లేదా అన్నది చాలు.

పని పద్ధతిని ఒక కాగితం మీద రాసి గోడకు అతికించాం, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. మొదట నేను రాసిన తెలుగు చూసి అక్క నవ్వి, "ఇది ఎవలు సదువుతారమ్మా" అంది. "ఉష్ణోగ్రత", "అవక్షేపం" అంటూ రాశాను. గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరి పక్కన కూర్చుని అలా రాసినందుకు సిగ్గేసింది. చింపేసి, వాళ్లు చెబుతుంటే వాళ్ల మాటల్లోనే మళ్లీ రాశాను. "ముద్ద", "తేట", "చెయ్యి పెట్టలేనంత వేడి". కొండమీది పల్లె నుంచి వచ్చే ఇద్దరు సవర ఆడవాళ్ల కోసం పక్కన బొమ్మలు గీశాం.

కొనాలా?

అక్క మొదటి రోజు అడిగిన ప్రశ్నకు ఏడో వారంలో జవాబు ఇచ్చాను. కరెంటు ఖర్చు లెక్కలోకి రాదు. మిషన్ పూర్తి 1000 వాట్లు లాగినా ఐదు లీటర్ల బ్యాచ్‌కు యూనిట్‌లో ఆరో వంతు. భారం మిషన్ ధర, ఏటా మార్చాల్సిన కొన. గుజ్జు రేణువులను చిన్నవి చేయడానికి పెద్ద ఫ్యాక్టరీల్లో హోమోజినైజర్ ఎప్పటి నుంచో వాడుతున్నారు. రోజుకు వేల లీటర్లు చేసే యూనిట్ ఎవరైనా అడిగితే నేను దాన్నే కొనమంటాను. రోజుకు నూటయాభై లీటర్లలోపు, ఏడాదిలో రెండు మూడు నెలలే పని ఉన్న ఈ సంఘానికి, కడిగి తుడిచి పెట్టెలో దాచుకోగలిగే ఈ కడ్డీ సరిపోతుంది. చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకం కింద సబ్సిడీకి అప్లికేషన్ పెట్టారు. డబ్బు వచ్చేదాకా అద్దెకే నడపమన్నాను. ఒప్పంద పత్రంలో ఒక్క షరతు మాత్రం రాయించాను: కొనేరోజు మిషన్‌ను పేరుపలక మీది వాట్లతో కాదు, మన లీటరు నీళ్లతో కొలిచి తీసుకోవాలి.

షాపుల నుంచి వెనక్కి వచ్చిన పాత సీసా ఒకటి, జూన్ మొదటి వారంలో నింపిన కొత్త సీసా ఒకటి, ఆఫీసు గది కిటికీలో పక్కపక్కన పెట్టారు. వచ్చిన ప్రతి షాపు మనిషికీ ముందు అవే చూపిస్తున్నారు. మొన్న ఫోన్లో అక్క చెప్పింది, కొత్తదాంట్లో పైన చిటికెన వేలి గోరంత తేట కనపడుతోందట. ఎన్ని మిల్లీలీటర్లో గీత గీసి, తారీఖు వేసి ఉంచమన్నాను.